‘కాదు’ అన్న మాటను ప్రేమ ఎలా వింటుంది

సహోదరీ,

మీరు రాసినది రెండుసార్లు చదివాను. మీకు 26 ఏళ్లు, గుంటూరులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నారు. సంఘంలో యౌవనస్థుల కూడికలో పరిచయమైన ఒక యువకుడు ఏడాదిన్నరగా మిమ్మల్ని ప్రేమిస్తున్నానంటున్నాడు. అతను ఆరాధనలో కీబోర్డు వాయిస్తాడు, కన్నీళ్లతో ప్రార్థిస్తాడు, మీరే తన భార్య అని దేవుడు తనకు బయలుపరిచాడని చెబుతున్నాడు. ఫోను లాక్ నంబరు చెప్పనన్నందుకు మూడు రోజులు మీతో మాట్లాడలేదు. డ్యూటీలో తోటివాళ్లతో మాట్లాడితే ఎవరు, ఎందుకు అని ఆరా తీస్తాడు, గట్టిగా అరుస్తాడు, ఆ తర్వాత ఏడ్చి క్షమించమంటాడు. ఇంట్లో చెబుదామంటే సమయం రాలేదంటాడు. మీరు దూరమైతే బ్రతకనంటున్నాడు. ఇది నిజమైన ప్రేమేనా అని ఎలా గుర్తుపట్టాలని అడిగారు. దానితోపాటు, “ప్రేమ అన్నిటికి తాళుకొనును” అని వాక్యమే చెబుతున్నప్పుడు నేను తాళుకోవాలి కదా అని కూడా అడిగారు. ఈ చివరి ప్రశ్న నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా ఆయన కాపరిగా ఉన్న సంఘాల్లో, పెళ్లికి సిద్ధపడే జంటలతోను, పెళ్లయ్యాక చిక్కుల్లో పడిన దంపతులతోను కూర్చుని మాట్లాడే పని నేను 22 ఏళ్లుగా చేస్తున్నాను. ఆ పనిలో తొలినాళ్లలో నేను చేసిన ఒక తప్పును మీకు చెప్పక తప్పదు. ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి, వారం రోజుల ముందు ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, అబ్బాయి కోపం చూస్తే భయమేస్తోందని చెప్పింది. నేను మీరు ఎత్తిన ఆ మాట ఉన్న చోటే, ప్రేమ గురించి పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయం తెరిచి ఆమె చేతికిచ్చి, ప్రార్థన చేసుకోమని, ఓర్పుతో అతన్ని గెలుచుకోమని చెప్పి పంపించాను. పెళ్లయిన ఏడో నెలలో ఆ అమ్మాయి చెయ్యి విరిగి పుట్టింటికి చేరింది. నేను చూపించిన అధ్యాయంలో తప్పు లేదు. దాన్ని ఎవరి ముందు తెరిచానన్నదే తప్పు. ఆ రోజు ఆ పేజీని నేను ఆ అబ్బాయి ముందు తెరవవలసింది, అతన్ని పిలిపించి అందులోని ఒక్కొక్క మాటా అతని చేత చదివించవలసింది. ఆ పని చేయలేదు.

పౌలు ఆ అధ్యాయాన్ని పెళ్లి శుభలేఖల కోసం రాయలేదు. కొరింథు సంఘంలో దేవుని ఆత్మ ఇచ్చిన వరాలు ఉన్నవాళ్లు లేనివాళ్లను చిన్నచూపు చూస్తున్నారు. తెలియని భాషల్లో మాట్లాడే వరం ఉన్నవాళ్లు తామే గొప్పవాళ్లమనుకుంటున్నారు. 12వ అధ్యాయంలో వరాల గురించి, 14వ అధ్యాయంలో ఆ వరాలను సంఘంలో క్రమంగా వాడుకోవడం గురించి రాస్తూ, ఆ రెండింటి నడుమ ఆయన ప్రేమను నిలబెట్టాడు. కనుక “ఉప్పొంగదు” అన్న మాట ఉప్పొంగుతున్నవాళ్లకు రాసినది. “స్వప్రయోజనమును విచారించుకొనదు” అన్న మాట తన పంతమే నెగ్గాలనుకునేవాళ్లకు రాసినది. దెబ్బ తింటున్న మనిషి మీద ఇంకొంచెం బరువు పెట్టడానికి ఆ మాటలను వాడితే, అవి రాసినవాడి ఉద్దేశానికి అడ్డం తిరుగుతాయి. “అన్నిటికి తాళుకొనును” అన్న మాటకు సరిగ్గా ముందున్న మాట ఏమిటో చూడండి: “దుర్నీతివిషయమై సంతోషపడక సత్యమునందు సంతోషించును.” ప్రేమ తాళుకునేది సత్యం వెలుతురులో నిలబడి. జరుగుతున్నదాన్ని జరగలేదన్నట్టు దాచిపెట్టుకోవడానికి పౌలు తాళుకోవడమని పేరు పెట్టలేదు.

ఆ నాలుగు వచనాల్లో మరొక విషయం గమనించండి. సహించును, దయ చూపించును, మత్సరపడదు, నడువదు, కోపపడదు, ఓర్చును: అన్నీ క్రియలే. మూల గ్రీకులోనూ అంతే. ప్రేమ అంటే గుండెలో ఏమనిపిస్తుందో పౌలు ఒక్క మాట కూడా చెప్పలేదు. ప్రేమ ఏం చేస్తుందో, ఏం చేయదో మాత్రమే చెప్పాడు. అందువల్ల “అతనికి నా మీద ఉన్నది నిజమైన ప్రేమేనా” అన్న ప్రశ్నకు అతని కన్నీళ్లలోనో మీ గుండె చప్పుడులోనో జవాబు వెతకనక్కర లేదు. ఏడాదిన్నరగా అతను ఏం చేశాడన్నది మీకు తెలుసు. అదే అధ్యాయం మొదటి వచనం అతని కీబోర్డు గురించి, ప్రార్థన గురించి కూడా తేల్చేస్తుంది: దేవదూతల భాషలు మాట్లాడినా ప్రేమ లేనివాడు “మ్రోగెడు కంచు”, “గణగణలాడు తాళము”. వరం ఉన్నంత మాత్రాన ప్రేమ ఉన్నట్టు కాదని చెప్పడానికే ఆ అధ్యాయం మొదలైంది. ఆరాధనలో బాగా వాయించేవాడు, బాగా ప్రార్థించేవాడు ఇంట్లో కూడా మంచివాడే అయి ఉంటాడని మన సంఘాల్లో తల్లిదండ్రులు ఎంత తేలికగా నమ్మేస్తారో నేను చూశాను.

ఇక గుర్తు విషయం. ఇన్నేళ్లలో నేను గట్టిగా నమ్మడం నేర్చుకున్న గుర్తు ఒక్కటే ఉంది. అడిగినది దొరుకుతున్నంత కాలం నిజమైన ప్రేమా, వట్టి ఆశా చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండూ తియ్యగా మాట్లాడతాయి, రెండూ బహుమతులు తెస్తాయి, రెండూ రాత్రి పన్నెండింటికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతాయి. ‘కాదు’, ‘ఇప్పుడు వద్దు’, ‘నాకు ఇష్టం లేదు’ అన్న మాట వినిపించిన క్షణంలో అవి రెండుగా విడిపోతాయి. ఆ మాటను ఎలా వింటాడన్నదే చూడండి. బైబిలులో ప్రేమ అన్న పేరు తగిలిన కథలను ఈ ఒక్క ప్రశ్నతో చదివి చూస్తే, ఏది ఏమిటో విడమరిచి చెప్పినట్టు ఉంటుంది.

రెండవ సమూయేలు 13వ అధ్యాయంలో దావీదు రాజు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును ప్రేమించాడని రాసి ఉంది. ఆ ప్రేమతో అతను చిక్కిపోయాడు, జబ్బు పడ్డాడు. ఈ కాలంలో అయితే నీకోసం ఎలా అయిపోయానో చూడమని ఫోటో తీసి పంపేవాడు. యెహోనాదాబు అనే స్నేహితుడు ఉపాయం చెప్పాడు. అమ్నోను రోగిలా పడుకుని, ఆమె చేత అప్పాలు చేయించుకుని, అందరినీ గదిలో నుంచి బయటికి పంపేశాడు. అక్కడ తామారు వద్దంది. ఒకసారి కాదు, ఎన్నో విధాల చెప్పింది. ఇది మన జనంలో చేయదగిన పని కాదంది, నేను ఈ అవమానం ఎక్కడ దాచుకోనంది, రాజును అడిగితే కాదనడంది. లేఖనం అక్కడ రాసిన మాట క్లుప్తంగా, భయంకరంగా ఉంటుంది: అతను ఆమె మాట వినలేదు. బలవంతం చేశాక, అంతకు ముందు ప్రేమించినదానికన్నా ఎక్కువగా ఆమెను ద్వేషించి, పనివాడిని పిలిచి, ఆమెను బయటికి వెళ్లగొట్టి తలుపు గడియ వేయించాడు. అతని ప్రేమ ద్వేషంగా మారిందని చాలామంది ప్రసంగిస్తారు. నేను అలా చదవను. ఆమె మాట విననప్పుడే అక్కడ ప్రేమ లేదని తేలిపోయింది, ద్వేషం తర్వాత బయటపడింది, అంతే. ఆ కథలో మనం సాధారణంగా చదవకుండా వదిలేసే భాగం కూడా ఉంది. అన్న అబ్షాలోము ఆమెను ఊరకుండమన్నాడు, తండ్రి దావీదుకు కోపం వచ్చింది గాని ఆ కొడుకును ఏమీ అన్నట్టు రాసి లేదు. ఇంటి పరువు కోసం ఆడపిల్లను నోరు మూసుకోమనడం అంత పాతది.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. ప్రేమకు గ్రీకులో వేరువేరు పదాలున్నాయని, అగాపే అంటే దైవిక ప్రేమ, ఎరోస్ అంటే శరీర సంబంధమైన ప్రేమ అని, అగాపే ఉంటే అది నిజమైనదని యౌవనస్థుల కూడికల్లో తరచుగా చెబుతారు. మీరు కూడా మీ ఉత్తరంలో అతను “నాది అగాపే ప్రేమ” అన్నాడని రాశారు. క్రీస్తుకు ముందే యూదులు పాత నిబంధనను గ్రీకులోకి తర్జుమా చేసుకున్నారు. అందులో అమ్నోను తామారును ప్రేమించాడన్న చోట ఉన్నది ఆ అగాపే పదానికి సంబంధించిన క్రియే. పౌలుతో కలిసి పనిచేసిన దేమా ఇహలోకాన్ని స్నేహించి పౌలును విడిచి వెళ్లాడని రెండవ తిమోతి పత్రిక 4వ అధ్యాయంలో చదువుతాం, అక్కడ కూడా మూలంలో అదే క్రియ ఉంది. పదం ఎవరినీ కాపాడదు. ఎవరైనా తన ప్రేమకు ఒక గ్రీకు పేరు పెట్టి చూపిస్తే, ఆ పేరును పక్కన పెట్టి అతని నడత చూడండి.

సమ్సోను కథ అటు తిరిగి ఉంటుంది. అక్కడ ఒత్తిడి చేసినది స్త్రీ, కనుక ఈ గుర్తు మగవాళ్లకు మాత్రమే వర్తిస్తుందని ఎవరూ అనుకోకూడదు. అతను పెళ్లాడిన తిమ్నాతు అమ్మాయి విప్పుడు కథకు జవాబు చెప్పమని, చెప్పకపోతే నన్ను ప్రేమించనట్టేనని ఏడు రోజులు ఏడ్చింది. తర్వాత అతను ప్రేమించిన దెలీలా కూడా అదే పల్లవి అందుకుంది: నీ మనసు నా దగ్గర లేనప్పుడు ప్రేమిస్తున్నానని ఎలా అంటావు? రోజూ అదే మాటతో వేధిస్తుంటే అతని ప్రాణం విసిగిపోయిందని న్యాయాధిపతులు 16వ అధ్యాయం చెబుతుంది. “నన్ను ప్రేమిస్తే ఇది చెయ్యి” అన్న వాక్యం ఎక్కడ వినిపించినా చెవి ఒగ్గి వినండి. అది ప్రేమను అడుగుతున్నట్టే ఉంటుంది గాని, దాని కన్ను మరొకదాని మీద ఉంటుంది. దెలీలాకు కావలసింది సమ్సోను బలం రహస్యం, దాని వెనుక అతని శత్రువులైన ఫిలిష్తీయుల సర్దారులు ఒక్కొక్కరు ఇస్తామన్న 1,100 వెండి నాణేలు. మీ విషయంలో కావలసింది మీ ఫోను లాక్ నంబరు. నమ్మకం ఉంటే చెప్పాలి కదా అని అతను అన్నాడని రాశారు. ఇవ్వకపోయినా నమ్మేదాన్నే నమ్మకం అంటారు. తాళం చెవి అడిగి తీసుకున్నాక మిగిలేది తనిఖీయే.

ఇప్పుడు బోయజును చూడండి. నాకు ఈ కథంటే చాలా ఇష్టం, కొంచెం నిదానంగా చెప్పనివ్వండి. రూతు మోయాబు దేశపు స్త్రీ, విధవరాలు, పరిగె ఏరుకుని అత్తను పోషిస్తోంది. పొలం యజమాని బోయజు ఆమె మీద దయ చూపించాడు. ఆమెను ముట్టవద్దని పనివాళ్లకు చెప్పాడు, దాహమైతే వాళ్లు చేదిన నీళ్లు తాగమన్నాడు, భోజనం వేళ పేలాలు అందించాడు, ఏరుకోవడానికి పిడికిళ్లు కావాలనే జారవిడవమన్నాడు. ఈ దయంతా ఆమె ఏదో ఇస్తుందన్న ఆశతో చేసినది కాదు. తర్వాత ఒక రాత్రి, ఆమె కళ్లంలో అతని కాళ్ల దగ్గర పడుకుని, నన్ను విడిపించగలవాడవు, అంటే దగ్గరి బంధువుగా నన్ను పెళ్లాడి ఆదుకోగలవాడవు, నీవే అని చెప్పింది. చీకటి, ఏకాంతం, ఆమే వచ్చి అడిగింది. అతను చెప్పినదేమిటి? నాకంటే దగ్గరి బంధువు మరొకడు ఉన్నాడు, ముందు అతన్ని అడగాలి, అతను ఒప్పుకుంటే సరే, లేకపోతే నేను చేస్తాను. ఆమె తనకు దక్కకపోవచ్చునన్న సంగతి తన నోటితో తానే చెప్పాడు. తెల్లవారకముందే, ఎవరూ ఆమెను అనుమానించకుండా, ఆరు కొలతల యవలు కొంగులో పోసి పంపించాడు. పొద్దున్నే ఊరి గుమ్మం దగ్గరికి వెళ్లి, పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, అందరి ముందు మాట్లాడాడు. నయోమి అతన్ని ఎంత బాగా అర్థం చేసుకుందో చూడండి: ఈ సంగతి ఈ రోజే తేల్చకుండా ఆ మనిషి ఊరుకోడని కోడలికి చెప్పింది. ప్రేమించినవాడు దాచడు, సాగదీయడు, ఆమె పేరును పణంగా పెట్టడు. మీ ఇంట్లో చెప్పడానికి ఏడాదిన్నరగా సమయం రావడం లేదు.

మన సంఘాల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివే ఆచారం ఉంది. ఫలానా అబ్బాయికి, ఫలానా అమ్మాయికి పెళ్లి చేయబోతున్నాం, అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చునని కాపరి సంఘమంతటి ముందు చదువుతారు. చాలామందికి అది ఒక తంతులా అనిపిస్తుంది. నా మట్టుకు, అది బోయజు గుమ్మం దగ్గర చేసిన పనికి కొనసాగింపులా అనిపిస్తుంది. ఎవరైనా ‘కాదు’ అనడానికి మూడు వారాలు తలుపు తెరిచి ఉంచే ఏర్పాటు అది.

అన్నిటికీ మించి యేసుప్రభువును చూడండి. మార్కు 10వ అధ్యాయంలో ఆస్తిపరుడైన ఒకడు పరుగెత్తి వచ్చి మోకాళ్లూనితే, ప్రభువు “అతని చూచి అతని ప్రేమించి” ఒక మాట చెప్పాడు. అతను ఆ మాటకు ఒప్పుకోలేదు, దుఃఖపడుతూ వెళ్లిపోయాడు. ప్రభువు అతని వెంట పడలేదు, బెదిరించలేదు, తన మాటను తగ్గించి అమ్మనూ లేదు. ప్రేమించాడు, వెళ్లనిచ్చాడు. మిమ్మల్ని రక్తమిచ్చి కొన్నవాడే తలుపు దగ్గర నిలబడి తడుతున్నానంటే, గడియ లోపలి వైపే ఉందని కదా అర్థం. ఆయన తీసుకోని చనువును ఆయన పేరుతో ఇంకొకరు తీసుకోవడానికి వీలు లేదు.

ఇది “దేవుడు నాకు బయలుపరిచాడు” అన్న మాట దగ్గరికి తీసుకువస్తుంది. దేవుడు నడిపించడని నేను అనను. నడిపిస్తాడని నమ్మబట్టే ఈ పని చేస్తున్నాను. అయితే లేఖనంలో అలాంటి నడిపింపు అంత స్పష్టంగా కనబడే పెళ్లి ఇస్సాకుది. ఇస్సాకు తండ్రి అబ్రాహాము పంపిన దాసుడు బావి దగ్గర ప్రార్థించాడు, ప్రార్థన ముగియకముందే రిబ్కా కడవతో వచ్చింది, అడిగిన గుర్తు అడిగినట్టే జరిగింది. ఇంటివాళ్లు కూడా ఇది యెహోవా వలన కలిగిన కార్యమని ఒప్పుకున్నారు. అంత జరిగాక కూడా వాళ్లు ఆ అమ్మాయిని పిలిచి అడిగారు: “ఈ మనుష్యునితో కూడ వెళ్లెదవా?” ఆమె “వెళ్లెదను” అంది. అసలు బయలుదేరే ముందే అబ్రాహాము ఆ దాసుడితో, ఆ అమ్మాయికి రావడం ఇష్టం లేకపోతే నీవు ఈ ప్రమాణం నుంచి విడుదల పొందుతావని చెప్పాడు. దేవుడు చూపించిన గుర్తు ఆమె ఇష్టం అడగనక్కర లేకుండా చేయలేదు. దేవుడు అతనికి చెప్పినది నిజమే అయితే, మీకు చెప్పడం ఆయనకు కష్టం కాదు. మీకు చెప్పేవరకు ఆగడం అతని పని. దేవుని పేరును ఒక అమ్మాయి నోరు మూయించడానికి వాడటం పది ఆజ్ఞల్లో ఆయన పేరును వ్యర్థంగా ఉచ్చరించకూడదన్నదానిని మీరడమేనని నా నమ్మకం, ఈ మాట నేను వేదిక మీద కూడా చెబుతాను.

కన్నీళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. పశ్చాత్తాపం నిజమైనదైతే దానికి లెక్క ఉంటుంది. యేసును కలిసి మారిన సుంకరి జక్కయ్య ఏడ్చాడని రాసి లేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలుగా తిరిగి ఇస్తానన్నాడు. అరిచిన ప్రతిసారీ ఏడ్చి, మళ్లీ అదే చోట అరిస్తే, ఆ ఏడుపు అరుపులో రెండో సగమే అవుతుంది. తన కోపం గురించి సంఘ పెద్దల్లో ఒకరితోనో, వైద్యుడితోనో మాట్లాడటానికి అతను సిద్ధపడ్డాడా, మీరు కొంతకాలం దూరంగా ఉంటానంటే ఒప్పుకున్నాడా అన్నది చూడండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ‘కాదు’ అన్న మాట విని బాధపడటం తప్పు కాదు. ముఖం చిన్నబోవడం, ఒక పూట మౌనంగా ఉండటం మానవ స్వభావం. ప్రేమించినవాడికి నొప్పి ఉండదని నేను అనడం లేదు. ఆ నొప్పిని ఎక్కడ పెట్టుకుంటాడన్నదే తేడా. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో యోసేపును చూడండి. ప్రధానం అయ్యాక మరియ గర్భవతి అని తెలిసింది, దూత ఇంకా మాట్లాడలేదు, అతని మనసు ఎంత గాయపడి ఉంటుందో ఊహించవచ్చు. ఆ గాయంతో ఉన్నప్పుడే ఆమెను “అవమానపరచనొల్లక” రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడు. ఆమె మీద నమ్మకం కూలిపోయిన రోజున కూడా ఆమె పరువు కాపాడాలనే చూశాడు.

నా దగ్గరికి వచ్చిన ఒక జంట గుర్తుకు వస్తున్నారు. పెద్దలు కుదిర్చిన సంబంధమే. పెళ్లి తేదీ పెట్టాక ఆ అమ్మాయి పరీక్షలు వాయిదా పడి సరిగ్గా అదే వారానికి వచ్చాయి. అమ్మాయి భయపడుతూ, తేదీ మార్చవచ్చా అని అడిగింది. అబ్బాయి తరఫు బంధువులు గట్టిగా కాదన్నారు, ఫంక్షన్ హాలుకు కట్టిన 40,000 రూపాయలు వెనక్కి రావన్నారు. ఆ అబ్బాయి ఒక రోజు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తానే వెళ్లి హాలు రద్దు చేసి, తేదీని రెండు నెలలు జరిపించాడు. ఈ సంగతి నాకు చెప్పింది అతని తల్లి, అదీ పెళ్లయిన ఆరేళ్లకు. ఆ డబ్బు పోయిన విషయం ఆ అమ్మాయికి అప్పటికీ తెలియదు. “అపకారమును మనస్సులో ఉంచుకొనదు” అన్న వచనం చదివినప్పుడల్లా నాకు ఆ హాలు రసీదు గుర్తుకు వస్తుంది. ప్రేమ పెళ్లి, పెద్దలు చేసిన పెళ్లి అన్న విభజనకు మనం ఇచ్చే విలువ నాకు ఎప్పుడూ ఎక్కువనిపిస్తుంది. ఈ గుర్తు రెండింటిలోనూ ఒక్కటే. కట్నం మాట వచ్చినప్పుడు కూడా అంతే. నాకేమీ వద్దు, మా అమ్మానాన్నల మాట కాదనలేను అనే అబ్బాయి, 1961 నుంచి చట్టం కూడా నేరమంటున్న దానికి తన ఇంట్లో ‘కాదు’ చెప్పలేనివాడే. భార్య పక్షాన రేపు ఏం చెబుతాడు?

మీ మనసును కూడా ఒక మాట అడగండి. మీకు అతని మీద ఉన్నది ప్రేమా, జాలా, లేక భయమా? “ప్రేమలో భయముండదు” అని యోహాను రాసినది మొదటగా తీర్పు దినాన దేవుని ఎదుట నిలబడటం గురించి. దాన్ని లాగి ప్రతి భయానికీ అతికించకూడదని నాకు తెలుసు. అయినా భయం దండనతో కూడినదని ఆయన అక్కడే కారణం కూడా చెప్పాడు. మూడు రోజుల మౌనం మీకు దండన కాక మరేమిటి? అతని ఫోను మోగితే మీకు సంతోషం కంటే ముందు కడుపులో దడ వస్తోందని మీరే రాశారు.

ఇక మీరు అన్నిటికంటే చివర, చిన్నగా రాసిన ప్రశ్న: “నేను తప్పుకుంటే అతను ఏమైనా చేసుకుంటే ఆ పాపం నాదవుతుందా?” కాదు. అతని ప్రాణం దేవుడు అతనికి అప్పగించినది, మీ మెడలో కట్టినది కాదు. కాని ఆ మాటను తేలికగా తీసుకోవద్దు, మీరొక్కరే మోయవద్దు కూడా. మళ్లీ అలా అంటే ఆ నిమిషమే అతని ఇంటివాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, దాన్ని వాళ్లకు ఇవ్వండి. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే 112కి ఫోన్ చేయండి. నర్సుగా మీకు తెలిసినదే ఇది: ఆత్మహత్య మాట ఎత్తినవాడికి సహాయం కావాలి, ఆ సహాయం పెళ్లి కాదు. మీరు దూరమయ్యాక అతను వెంటపడినా, ఆసుపత్రి దగ్గర కాపు కాసినా అది చట్టం దృష్టిలో నేరం, మహిళా హెల్ప్‌లైన్ 181లో చెప్పవచ్చు.

నా అభిప్రాయం దాచను. మీరు రాసినదంతా నిజమైతే, ఈ సంబంధంలో పెళ్లి మాట ముందుకు తీసుకువెళ్లకండి. అతను మారడని నేను తీర్పు చెప్పడం లేదు. మారితే దానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లు మీరు పక్కన నిలబడి కాపలా కాయనక్కర లేదు. అతనితో చెప్పేటప్పుడు ఒంటరిగా కలవకండి. కారణాల మీద వాదన పెట్టుకోకండి, ప్రతి కారణానికీ అతని దగ్గర ఒక వచనం ఉంటుంది. నేను ముందుకు రాలేను, నాకు ఫోన్ చేయవద్దు అని రెండే మాటలు చెప్పండి.

అంతకంటే ముందు, ఈ వారంలోనే మీ అమ్మగారికి చెప్పండి. నాన్నగారితో ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆవిడకే బాగా తెలుస్తుంది. ఏడాదిన్నర దాచావా అన్న బాధ మొదట వస్తుంది, కోపపడతారు కూడా. నా ముందు కూర్చున్న తల్లుల్లో చాలామందికి ఆ కోపం రెండు రోజులకు మించి నిలవలేదు, మూడో రోజు కూతురి పక్కనే పడుకున్నారు. ఆవిడ ఏమన్నారో నాకు రాయండి.